ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు

మొన్న మాఘమాసంలో మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య, ఊళ్ళో కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. కందుకూరు దగ్గర పల్లె మాది. ఒకప్పుడు మా పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉన్న చోటే ఇప్పుడు ఇల్లు లేచింది. వంటింట్లో గట్టుకు చీమకుర్తి గెలాక్సీ రాయి వేయించాడు. వదిన పాలు పొంగిస్తుంటే అవి గిన్నె అంచు దాటి నల్లరాయి మీదికి కారాయి. చుట్టూ ఉన్నవాళ్ళు "బాగా పొంగాయమ్మా, తూర్పుకే పొంగాయి" అంటున్నారు. నాకు మాత్రం పెదనాన్న పక్కన నిలబడి ఉంటే ఏమనేవాడో వినపడినట్టే అయింది. "చూశావంట్రా, పాల మీద పాలు!" అనేవాడు. ఆయన ఎందుకట్లా అంటాడో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

భోజనాలకు ముందు అన్నయ్య నన్ను వెనక గదిలోకి పిలిచి పాత ఇంటి నుంచి తెచ్చిన ఇనప్పెట్టె చూపించాడు. "నీ పుస్తకాలు ఇందులోనే ఉండాయి, పట్టుకుపో. లేకపోతే మీ వదిన పాతపేపర్లవాడికి వేస్తుంది" అన్నాడు. మూత ఎత్తాను. ముందు కలరా ఉండల వాసన, తర్వాత ఎలుకల వాసన. ఆ రెంటి కింద నుంచి మెల్లగా పైకొచ్చింది అసలుది. కాలిన పొగాకు కంపు కాదు, బ్యారన్‌లో పండి ఎండిన ఆకు వాసన. ఎండుగడ్డిని తేనెలో నానబెట్టి ఎండలో పెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. సిగరెట్ జన్మలో ముట్టనివాడికి కూడా ఆ వాసన ఇష్టమే మా వైపు.

పెట్టెలో ఉన్నవి రెండే. అట్ట ఊడిపోయిన శంకరనారాయణగారి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు, ఒక పొడుగాటి లెక్కల పుస్తకం.

*

పెదనాన్న ఎస్సెల్సీ దాకా చదివాడు. ఇంగ్లీషు గట్టెక్కింది, లెక్కలు ముంచాయి. తాతయ్య రెండోసారి కట్టనివ్వలేదు. నాగలి చేతికిచ్చాడు. ఆ తర్వాత మా వైపు అందరూ వర్జీనియా పొగాకు వేస్తుంటే మావాళ్ళూ అప్పు చేసి బ్యారన్ కట్టారు.

ఆయనకు నిఘంటువు పిచ్చి ఎట్లా పట్టిందో పెద్దమ్మ ఎన్నోసార్లు చెప్పేది. ఒక ఏడు ఆకు అమ్ముకోవడానికి తీసుకుపోతే, కొనడానికొచ్చిన ప్యాంటు ఆయన బేలు విప్పించి, ఒక ఆకు లాగి, వాసన చూసి, "నాన్‌డిస్క్రిప్ట్" అని పక్కవాడికి చెప్పి వెళ్ళిపోయాడట. పక్కవాడు రాసుకున్నాడు. ధర సగానికి పడింది. "అంటే ఏందండీ?" అని పెదనాన్న వెంటపడి అడిగితే ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో మిగిలిన డబ్బుల్లోంచే ఒంగోల్లో పాతపుస్తకాల అంగడిలో ఈ నిఘంటువు కొన్నాడు. బస్సులోనే ఎన్ అక్షరం తీశాడు. ఇదివరకు వర్ణింపబడనిది, ఇట్టిదని చెప్ప వీలుకానిది, అన్నట్టుగా ఉంది అర్థం. ఇంటికొచ్చి గుమ్మంలోనే, "ఏమేవ్, మన ఆకు వర్ణనాతీతమంట!" అన్నాడట. పెద్దమ్మ సంతోషపడి ధర అడిగింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరు ఏది చెడగొట్టినా, పప్పు మాడినా, చొక్కా చినిగినా, వర్ణనాతీతమే.

ఆ నాన్ పేజీలోనే ఆయనకు ఇంకో రెండు దొరికాయి. నాన్‌ప్లస్ అంటే ఇంక ఏం చేయాలో పాలుపోకపోవడం. లాటిన్‌లో 'ఇంతకు మించి లేదు' అని. నాన్‌చలాంట్ అంటే దేనికీ చలించనివాడు. ఇది ఫ్రెంచి మీదుగా వచ్చింది, మూలంలో ఉన్నది వేడి, అంటే 'వేడెక్కనివాడు' అన్నమాట. ఈ మూలాలన్నీ మేం చాలా ఏళ్ళ తర్వాత కనుక్కున్నవి. బ్యారన్ ముందు నూటయాభై డిగ్రీల సెగలో కూచుని వేడెక్కనివాడి గురించి చదవడం ఆయనకు భలే నచ్చింది.

*

బ్యారన్ అంటే ఇప్పటి పిల్లలకు ఇంటి పక్కన పాడుబడ్డ గోడలు. అప్పుడు అది ఊపిరి పీల్చే జంతువులాగా ఉండేది. ఎత్తుగా ఇటుక గోడలు, లోపల వరసలు వరసలుగా వాసాలు, కింద ఇనుప గొట్టాలు. పొద్దున కోసిన పచ్చాకును ఆడవాళ్ళు చెట్టు కింద కూచుని కర్రలకు పురికొసతో అల్లేవాళ్ళు. వాళ్ళ చేతులకు జిగురు నల్లగా పట్టుకుని, సాయంత్రానికి బంక అయిపోయేది. అన్నం తినేముందు పచ్చి టమాటా రుద్ది కడుక్కునేవాళ్ళు. మగవాళ్ళు వాసాల మీద కాళ్ళు చాపి నిలబడి, కింద నుంచి ఒకరికొకరు కర్రలు అందుకుని కప్పుదాకా నింపేవాళ్ళు. తలుపు వేసి, బయట పొయ్యిలో సరుగుడు మొద్దులు రాజేస్తే ఆ వేడి గొట్టాల్లోంచి లోపలికి పాకేది.

ఇంక ఐదారు రోజులు పొయ్యి ఆరకూడదు. మొదట ఫారన్‌హీటులో తొంభై అయిదు, నూరు డిగ్రీల దగ్గర ఆకు పండి పసుపెక్కాలి. తర్వాత మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయి, ఈనె విరిస్తే పుటుక్కుమనేదాకా నూట అరవైకి తేవాలి. తొందరపడితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. ఆలస్యమైతే మాడు రంగు వస్తుంది. గంటగంటకూ లేచి ధర్మామీటర్ చూడాలి. అందుకని రాత్రిళ్ళు ఎవరో ఒకరు కాపలా. మా ఇంట్లో ఆ ఒకరు ఎప్పుడూ పెదనాన్నే.

నులకమంచం, హరికేన్ లాంతరు, నిఘంటువు. రాత్రికొక పేజీ. పరీక్షల సెలవుల్లో నేను కూడా ఆ మంచం చివర దుప్పటి కప్పుకుని కూచునేవాణ్ణి. చలి వీపుకు, సెగ ముఖానికి. మొద్దు చిటపటలు, దూరంగా కాలవ దగ్గర నక్కల అరుపు, మధ్యలో పెదనాన్న గొంతు. నిఘంటువు వరసగా చదివేవాడికి మాటలు ఎట్లా వస్తాయో ఆలోచించండి. ఒక్కో పేజీలో ఉన్నవన్నీ ఒకే అక్షరాలతో మొదలయ్యేవి. ఆయన దానికి ఆయన పద్ధతిలోనే పేరు పెట్టాడు.

"ఇవన్నీ ఒకే ఇంటిపేరు వాళ్ళురా. మనకు ఇంటిపేరు ముందొచ్చినట్టే వీళ్ళకూ ముందే. అయితే ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలు కాదు. గోత్రం అడగాల."

*

ఆ నిఘంటువులో ఇంగ్లీషు 'ఏ' అక్షరం లేదు. బ్యారన్ పక్క కొట్టంలో పెట్టిన మొదటి వానాకాలంలోనే పందికొక్కు కొట్టేసింది. బి మొదట్లో కొన్ని పేజీలు కూడా పోయాయి. మిగిలిన మొదటి పేజీ 'బ్యానల్' దగ్గర మొదలవుతుంది. అదే పేజీలో కొంచెం కిందికి 'బ్యాండికూట్' ఉంది. అర్థం, పందికొక్కు.

"చూడు, తన పేరొచ్చేదాకా తిని, సిగ్గుపడి ఆగిపోయింది" అనేవాడు.

అది మన తెలుగు మాటే. పంది, కొక్కు రెండూ కలిసి ఇంగ్లీషువాడి నోట్లో అట్లా అయ్యాయి. ఆస్ట్రేలియాలో కడుపుకు సంచీ ఉండే జంతువు ఇంకొకటుంటే దానికీ ఈ పేరే తగిలించారు. మన బియ్యం మిల్లుల్లో గోతాలు కొరికే దొంగ పేరు అంతదూరం పోయిందని తెలిసిన రోజు పెదనాన్నకు ఎంత గర్వమో! అదే వరసలో బ్యాంగిల్, బండానా హిందీవైపు నుంచి పోయాయి. బ్యానియన్, అంటే మర్రిచెట్టు, గుజరాతీ వర్తకుల వాణియాలోంచి పోయింది. ఆ చెట్ల కింద వాళ్ళు కూచునేవాళ్ళట. బేన్ మాత్రం అచ్చ ఇంగ్లీషు మాట, మొదట్లో దానికి చంపేవాడు అనే అర్థం. బ్యానల్ ఫ్రెంచిది. ఊరందరికీ ఉమ్మడిగా ఉండే తిరగలి, పొయ్యి లాంటివాటికి వాడేవాళ్ళు. అందరూ వాడీ వాడీ అరిగిపోయింది కాబట్టి ఇప్పుడు 'చప్పటి' అని అర్థం. ఒక్క పేజీలో ఇన్ని గోత్రాలు.

'ఏ' అక్షరం తినేశాక కూడా ఆయన బెంగపడలేదు. అయితే 'ఏ'తో మొదలయ్యే చిన్న మాట వచ్చినా, "అది మన పేటలో లేదు" అని తప్పుకునేవాడు.

*

ఆయన ఉచ్చారణ సంగతి చెప్పకపోతే అన్యాయం. ఇంగ్లీషు మాట్లాడేవాడు మా ఊళ్ళో ఒక్కడు లేడు. రేడియోలో వచ్చే ఇంగ్లీషు వార్తలు వేగంగా పోయేవి. కాబట్టి కంటికి ఎట్లా కనిపిస్తే అట్లా చదివాడు. నైఫ్‌ను 'క్నైఫ్' అన్నాడు, నేవ్‌ను 'క్నేవ్' అన్నాడు. కొరకడానికి 'గ్నా', దోమలాంటి పురుగుకు 'గ్నాట్', న్యుమోనియాకు 'ప్న్యుమోనియా'. బళ్ళో అయ్యవారు క పలక్కూడదన్నారని చెబితే కోపమొచ్చేది.

"అచ్చేసినాక పలక్కపోతే ఎందుకు అచ్చేయడం? కూలికి పిలిచి పని చెప్పకుండా కూచోబెట్టినట్టు!"

చాలా కాలం తర్వాత నాకు తెలిసింది, ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు కూడా ఆ క, ఆ గ పలికేవాళ్ళేనని. ఇప్పుడు మోసగాడు అనే అర్థమున్న నేవ్ మొదట్లో ఉత్త 'కుర్రాడు'. అంటే మా పెదనాన్న తప్పు పలకలేదు, కొన్ని వందల ఏళ్ళు ఆలస్యంగా పలికాడు. ఈ మాట ఆయనకు చెప్పినప్పుడు కండువాతో నోరు తుడుచుకుని, "నేను చెప్పలా?" అన్నాడు, అంతే.

దీనివల్ల నాకు మాత్రం దెబ్బ తగిలింది. నెల్లూర్లో కాలేజీలో చేరిన మొదటి నెలలోనే ఇంగ్లీషు క్లాసులో పాఠం పైకి చదవమన్నారు. బ్యారన్ దగ్గర నేర్చిన మాట కనపడగానే ఉషారుగా 'కెటాస్ట్రోఫ్' అన్నాను. క్లాసంతా ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత గొల్లుమంది. లెక్చరర్ నవ్వు ఆపుకుంటూ, "కెటాస్ట్రఫీ అయ్యా. నువ్వు చదివిందే కెటాస్ట్రఫీ" అన్నారు. ఆ ఏడాదంతా హాస్టల్లో నా పేరు స్ట్రోఫ్. అర్థం అడిగితే ఆ క్లాసులో చెప్పగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే అయుండొచ్చు, కానీ అర్థం ఎవరూ అడగలేదు.

*

లెక్కల పుస్తకం గురించి చెప్తాను. ముందు నుంచి తిరగేస్తే పొగాకు జమాఖర్చు. వెనక నుంచి తిరగేస్తే మాటలు. మధ్యలో రెండూ కలిసిపోయిన పేజీ ఒకటుంది, ఇప్పుడు నా ముందే ఉంది. ఎడమవైపు, 'సరుగుడు కట్టె బండి ఒకటి, పురికొస, కూలి ఆడాళ్ళు పదకొండు మంది, టీ'. కుడివైపు పెన్సిల్‌తో గీత కొట్టి, పైన 'ఇంటిపేరు: సి ఏ టి, పిల్లివారు' అని. కింద వరసగా,

కెటరాక్ట్ – జలపాతము, కంటిపొర
కెటార్ – పడిశము
కెటపుల్ట్ – ఉండేలు
కెటలాగ్ – జాబితా
కెటాస్ట్రోఫ్ – ఉపద్రవము
కేటర్‌వాల్ – పిల్లుల ఏడుపు
కెటమరాన్ – తెప్ప

ప్రతిదానికీ పక్కన గోత్రం అని రాసి ప్రశ్నార్థకం. పిల్లికీ జలపాతానికీ పడిశానికీ ఏం సంబంధమని ఒక సీజనంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాం. పెదనాన్న ఒక సిద్ధాంతం తయారుచేశాడు. పిల్లి ఎక్కడి నుంచి దూకినా కాళ్ళ మీదే పడుతుంది, జలపాతమూ పైనుంచే దూకుతుంది, పడిశమూ ముక్కులోంచి కిందికే దిగుతుంది. నాకు నవ్వొచ్చింది గానీ ఎదురు చెప్పలేదు. విచిత్రమేమిటంటే, పిల్లి సంగతి తప్పినా 'కిందికి' అన్నది తప్పలేదు.

దాని సంగతి తేల్చుకోవడానికే వేటపాలెం పోయాం. సారస్వత నికేతనం గ్రంథాలయం, 1918లో మొదలైంది. అప్పుడు మా జిల్లాలోనే ఉండేది. పెద్ద పెద్ద ఇంగ్లీషు నిఘంటువులు అక్కడ ఉంటాయని ఎవరో చెప్పారు. సింగరాయకొండలో ప్యాసింజరు ఎక్కి, పెద్దమ్మ కట్టిచ్చిన పులిహోర టంగుటూరు దాటకముందే తినేసి, వేటపాలెంలో దిగాం. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. లోపలికి పోయేముందు పంపు దగ్గర చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు, గుళ్ళోకి పోతున్నట్టు. గాంధీగారు 1929లో శంకుస్థాపన చేశారని చెప్పి, అక్కడ దాచిన ఆయన చేతికర్ర చూపించారు. పెదనాన్న దణ్ణం పెట్టుకుని, "మనం వచ్చిన పని చూడు" అన్నాడు.

నిఘంటువు ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది. నేను వేలు పెట్టి చదవడం, ఆయన రాసుకోవడం. కెట, గ్రీకు మాట. కిందికి అని ముఖ్యమైన అర్థం. కెటరాక్ట్, కిందికి దూకేది. కెటార్, కిందికి కారేది. కెటాస్ట్రఫీ, తలకిందులు కావడం. కెటపుల్ట్‌లో ఆ కెటకు 'మీదికి' అనే అర్థం, విసిరికొట్టడం. కెటలాగ్ కూడా ఆ గ్రీకు గోత్రమే. పిల్లి ఉన్నది ఒక్క కేటర్‌వాల్‌లో మాత్రమే. పెదనాన్న పెన్సిల్ ఆపి చాలాసేపు కిటికీలోంచి చూశాడు.

"పిల్లివారి ఇంట్లో పిల్లి ఒకటేనంట్రా? ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు."

చివరిది కెటమరాన్. కట్టు, మరం. తమిళం. కట్టిన కర్ర. పెదనాన్న ఎంత గట్టిగా నవ్వాడంటే పక్క బల్ల దగ్గర పేపరు చదివే పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి చూశారు. గ్రీకు వాళ్ళ మధ్య ఏమీ ఎరగనట్టు కూచున్నది మన సముద్రం ఒడ్డువాడు!

తిరుగు ప్రయాణంలో చినగంజాం దగ్గర ఉప్పు కుప్పలు తెల్లగా కనిపించాయి. పొద్దున చూసిన మరో పేజీ గుర్తొచ్చి, శాలరీలో ఉన్నది ఉప్పేనని, లాటిన్‌లో ఉప్పుకు సాల్ అంటారని చెప్పాను. శాల్యూట్‌లో ఉన్నది మాత్రం ఆరోగ్యం, వేరే గోత్రం. ఎదురుగా కూచున్న ఉప్పు కొఠారు కూలీ ఒకాయన, "జీతంలో ఉప్పుండాదో లేదో గానీ, మా ఉప్పులో జీతం లేదు సామీ" అన్నాడు. పెదనాన్న దాన్ని కూడా రాసుకున్నాడు.

ఆ ఎండాకాలమే పాకల సముద్రానికి స్నానాలకు పోయినప్పుడు, తెప్ప లాగుతున్న పట్టపాయన దగ్గరికి పోయి, "దీన్ని కట్టుమరం అంటారా?" అని అడిగాడు. ఆయన వింతగా చూసి, "తెప్ప అంటారు" అన్నాడు. పెదనాన్న వంగి, దుంగల్ని కలిపి కట్టిన తాడు ముడిని వేలితో తడిమి చూశాడు. ఉప్పునీళ్ళకు బిగిసిన ఆ ముడి రాయిలా ఉంది. "కట్టు," అన్నాడు నా వైపు తిరిగి. "మాట ఊడినా ముడి ఊడలా."

*

బ్యారన్ కాలిపోయిన రాత్రి ఏ పేజీ నడుస్తోందో నాకు గుర్తులేదు. కెటాస్ట్రఫీ పేజీ అని చెబితే కథకు బాగుంటుంది గానీ, అబద్ధం. కర్ర మీది నుంచి ఎండాకు ఒకటి జారి గొట్టం మీద పడి ఉంటుంది. లోపల ఎర్రగా కనపడింది. తలుపు తీసేసరికి గాలి తగిలి ఒక్కసారిగా లేచింది. అరగంటలో మూడెకరాల ఆకు, కర్రలు, వాసాలు, పైకప్పు అన్నీ పోయాయి. ఊరంతా బిందెలతో వచ్చింది. తెల్లారేసరికి ఊళ్ళో ప్రతి ఇంట్లో మా పొగాకు వాసనే.

పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. మంచం మీదున్న నిఘంటువు తీసి పెంటదిబ్బ మీదికి విసిరింది. పెదనాన్న దాన్ని ఆ రోజు తియ్యలేదు. మర్నాడూ తియ్యలేదు. మూడో రోజు మంచు పడుతుంటే చీకట్లో పోయి తెచ్చుకున్నాడు. ఆ పొద్దున లెక్కల పుస్తకంలో రాసింది 'బ్యారన్ పోయినది' అని, రెండు మాటలు. బ్యారన్ తప్ప ఇంగ్లీషు మాట ఏదీ లేదు. కొత్త బ్యారన్ అప్పు తీరడానికి ఆరేళ్ళు పట్టింది.

*

సంక్రాంతికి బండలాగుడు పోటీలు జరిగేవి. పెదనాన్నకు ఒంగోలు గిత్తల జత ఉండేది. పోటీకి చాలినవి కావు, అయినా చూడ్డానికి పోయేవాళ్ళం. బూరలు ఊదుతుంటే ఆయన నా చెవిలో, "బ్యూగిల్‌లో కూడా మన గిత్త ఉండాది" అని అరిచాడు. నిజమే. బ్యూగిల్ లాటిన్‌లో కోడెదూడ, దాని కొమ్ముతో చేసిన బూర. బి, యు ఇంటిపేరులో ఎద్దులు బాగా ఉన్నాయి. బ్యుకోలిక్, పశులకాపరికి సంబంధించింది. బట్టర్, గ్రీకులో ఆవు జున్ను. బులీమియా, ఎద్దు ఆకలి. ఇన్ని ఉండీ 'బుల్' మాత్రం ఆ గోత్రం కాదు, అది ఉత్తర ఐరోపా నుంచి వచ్చిన వేరే మాట. 'కౌ' చూస్తే ఏ పోలికా లేదు గానీ అది మన 'గోవు'కు, ఆ గ్రీకు ఎద్దుకు అసలు సిసలు దాయాది.

మన ఒంగోలు జాతిని బ్రెజిల్‌లో 'నెలోర్' అంటారని ఆయనకు తెలిసినప్పుడు రెండు రోజులు తెగ ఆలోచించాడు. ఆ గిత్తలు మొదట అక్కడికి పోయిన కాలంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. మా కందుకూరు కూడా నెల్లూరుదే. 1970లో ఒంగోలు జిల్లా కట్టినప్పుడు ఇటొచ్చాం, 2022లో మళ్ళీ నెల్లూర్లో కలిపారు. ఊరు కదల్లేదు, ఇంటిపేరే మారుతోంది. రెండో మార్పు చూడ్డానికి ఆయన లేడు. ఉంటే, "గిత్తకు లేని బాధ మనకెందుకురా" అని ఉండేవాడు.

*

ఆయన చదువు ఆపింది విసుగొచ్చి కాదు. కంటికి పొర వచ్చింది. ఒంగోల్లో డాక్టరు టార్చి వేసి చూసి 'కెటరాక్ట్' అనగానే, "జలపాతం అని కూడా అర్థం ఉందండీ" అన్నాడట. డాక్టరు ఆపరేషన్ ఎప్పుడో చెప్పి తర్వాతి మనిషిని పిలిచారు. అప్పటికి ఆయన వి దాకా వచ్చాడు. ఆపరేషన్ అయ్యాక బస్సు బోర్డులు కనపడ్డాయి గానీ ఆ చిన్నచ్చు ఆనలేదు. "డబ్ల్యూ నువ్వొచ్చినప్పుడు మొదలుపెడదాం" అని ఉత్తరం రాయించాడు. నేను ఉద్యోగం మీద దూరంగా ఉండేవాణ్ణి. ఊరికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక తొందర. రిటర్న్ టికెట్ జేబులో పెట్టుకునే వచ్చేవాణ్ణి.

జి అక్షరం మాత్రం మేం కలిసి చదివాం. గాల్వనైజ్ పేజీ. ఇంట్లో గాల్వనైజ్డ్ బకెట్టుకు పేరు ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీది. గ్యాలప్‌ది వేరే దారి. గెలాక్సీ గ్రీకు 'గాలా', అంటే పాలు. మనం పాలపుంత అన్నట్టే వాళ్ళూ అన్నారు. ఆ రాత్రి లాంతరు ఒత్తి తగ్గించి, తల పైకెత్తి చాలాసేపు చూశాం. అప్పుడు చీమకుర్తి రాయికి ఆ పేరున్నట్టు మాకు తెలియదు. ఆ నల్లరాయిలో మెరిసే నలుసులు చూసి ఎవరో వ్యాపారి పెట్టి ఉంటాడు.

*

ఆయన గుర్తు పెట్టుకున్న పేజీలో పురికొస ముక్క ఒకటుంది, పొగాకు జిగురుతో నల్లబడింది. వి, ఇ, ఆర్ పేజీ అది. పెన్సిల్ గీతలు వణికాయి. వర్డిగ్రిస్ కింద గీత, పక్కన 'చిలుము, రాగి బిందె' అని. గ్రీసు దేశపు పచ్చ అని ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు. పెద్దమ్మ చింతపండు వేసి బిందె తోముతుంటే పక్కన కూచుని, "దీన్ని గ్రీసు పచ్చ అంటారే" అని చెప్పడం నాకు తెలుసు. వర్టిగో, తిరగడం అనే మాటలోంచి వచ్చింది. మనమూ కళ్ళు తిరిగాయనే అంటాం కదా. వెర్మిలియన్, సింధూరం. వెర్మిన్, పురుగూ పుట్రా. వెర్మిసెల్లి, సేమ్యా. చివరి మూడూ ఒకే గోత్రం, లాటిన్‌లో పురుగు. ఎర్రరంగు ఒకప్పుడు పురుగుల నుంచి తీసేవాళ్ళు, సేమ్యా చూడ్డానికి చిన్న పురుగుల్లా ఉంటుందని ఇటలీవాళ్ళు ఆ పేరు పెట్టారు.

ఈ మూడోది ఆయన పెద్దమ్మకు చెప్పిన రోజు రంజాన్. పక్కింటి సాయిబుగారి అమ్మాయి గిన్నె నిండా సేమ్యా తెచ్చిచ్చింది. జీడిపప్పు, ఎండు కొబ్బరి, నెయ్యి పైకి తేలుతూ. పెద్దమ్మ నోట్లో పెట్టుకునే ముందు ఈయన అర్థం చెప్పాడు. ఆమె గిన్నె దించేసింది. "నా జన్మలో తినను, నీ నిఘంటువు కాలా!" అంది. మేమిద్దరం గిన్నె ఖాళీ చేశాం.

గృహప్రవేశం బంతిలో పెద్దమ్మ నా పక్కనే కూచుంది. ఎనభై దాటాయి, చెవి సరిగా వినపడదు. వడ్డించే కుర్రాడు చిన్న ప్లాస్టిక్ కప్పులో సేమ్యా పాయసం ఆమె ఆకు మీద పెట్టాడు. ఆమె కప్పును వేలితో మెల్లగా నా ఆకు వైపు జరిపింది.

"పురుగులు. నువ్వు తిను" అంది.